మన్యభూముల యేర్పాటు: గ్రామసభకు అగ్రస్థానము

తన చెక్కలో నేపైరు వేయవలెనో రైతు తనంతట తాను నిశ్చయించుకొనగలడు. ఆ విషయమున నొరుల యనుమతి యాతనికి అక్కఱలేదు. కాని చెఱువు గర్భము, పశువుల బయలు, వాగు గట్టు, కొండవాలు, వంటచెఱకు దొరకు నడవి, శ్మశానవాటిక, ఊరిదేవత కొలువున్న తోపు మొదలగునవి యొక్కరి సొత్తు కావు. వీనిలో దేనిని దున్నవచ్చును, దేనిని బీడుగా నుంచవలెను, దేనిని గొడ్డలి తాకకుండ కాపాడవలెను అను నిర్ణయము ఊరంతయు గూడి చేసికొనవలసినది. ఈ నిర్ణయమునే మేము భూముల యేర్పాటు అనుచున్నాము. ఇది కాగితములమీద రంగులు పూయుట మాత్రమే కాదు. రాబోవు ముప్పది యేండ్లు ఆ యూరివారు ఏమి తిందురో, ఏ నీరు త్రాగుదురో నిశ్చయించుట.

ఈ మాసమున మేమీ విషయమును ప్రత్యేకించి మన్యప్రాంతములను, మన్యమునకు సరిహద్దుననున్న పల్లపు గ్రామములను దృష్టియందుంచుకొని ప్రస్తావింపదలచితిమి. మన పత్రికను చదువు సభ్యులలో ననేకులు కొండక్రింది గ్రామములవారు. కొందఱు షెడ్యూల్డు ప్రాంతముననే తరతరములుగా గిరిజనులతో గూడి కాపురముండువారు. "కొండమీది భూముల మాట కొండవారు చూచుకొందురు, మనకేల?" యని వీరిలో గొందఱనుట మేము వినియున్నాము. మా యభిప్రాయ మందుకు విరుద్ధము. కొండమీది యేర్పాటు మనకును సంబంధించినదే. ఐనను అందులో మొదటి మాట కొండవారిదే కావలయును. ఈ రెండు మాటలను గలిపి గ్రహించిననే న్యాయమును లాభమును గూడ సమకూరును.

మొదట నీటి సంగతి చూతము. గోస్తనీనది యనంతగిరి కొండలలో బుట్టి, బొఱ్ఱా గుహల చెంత బ్రవహించి, తాటిపూడి జలాశయమును నింపి, భీమునిపట్టణము కడ సముద్రమున గలియుచున్నది. తాటిపూడి క్రింద పండు పొలములకును, విశాఖపట్టణవాసుల దాహమునకును ఆ కొండలయడవియే మూలధనము. అట్లే వంశధార యొడిస్సాలోని నియమగిరి ప్రాంతమున బుట్టి శ్రీకాకుళము రైతుల పొలములను దడిపి కళింగపట్టణమున సముద్రము జేరుచున్నది. కొండచఱియ బోడియైనచో వానకాలమున నొక్కమాఱుగా వరద వచ్చును. వేసవిలో నూట యింకును. కొట్టుకొనివచ్చిన మన్ను చెఱువులను కాలువలను పూడ్చును. పూడిక తీయుటకు మన రైతు లేటేట జేయు వెచ్చము, కొండమీద జరిగిన పొరపాటునకు గ్రింద చెల్లించు జరిమానా వంటిది.

అట్లయిన కొండభూముల యేర్పాటును పల్లపువారో, పట్టణమునందలి యధికారులో చేసిపెట్టిన జాలదా యని యడుగవచ్చును. చాలదు. ఎందుకు చాలదో తెలిసికొనుటకు గొంత పూర్వచరిత్రము జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. పల్లపు షావుకార్లు ఉప్పునకు, బట్టకు, గింజలకు అప్పులిచ్చి, వడ్డీకి వడ్డీ గట్టి, కొండవారి భూములను వశపఱచుకొనుచుండుటచేత గంజాము, విశాఖపట్టణము, గోదావరి ఏజెన్సీలకై మద్రాసు ప్రభుత్వమువారు 1917 వ సంవత్సరమున నొక చట్టము చేసిరి. ప్రభుత్వపు ఏజెంటు అనుమతి లేనిదే కొండజాతివాని భూమి యితరులకు సంక్రమింపరాదని దాని సారాంశము. నైజాము రాజ్యమున భూమికొఱకు, అడవికొఱకు గోండులు పోరాడగా 1940 లో కొమరం భీము జోడేఘాట్‌లో ప్రాణములు విడిచెను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట 1959 లో భూబదలాయింపు నిబంధన వచ్చినది. 1963 లో నది తెలంగాణమునకు విస్తరించినది. 1970 లో మఱింత కట్టుదిట్టము చేయబడినది.

1970 నాటి సవరణము ననుసరించి షెడ్యూల్డు ప్రాంతములోని భూమిని అమ్మువాడు గిరిజనుడైనను గాకున్నను, కొనువాడు గిరిజనుడే కావలయును. లేదా గిరిజనులే సభ్యులుగా గల సహకార సంఘము కావలయును. తక్కిన బదలాయింపు లన్నియు చెల్లవు. అంతేకాక గిరిజనేతరుని చేతనున్న భూమి గిరిజనునినుండి వచ్చినదే యని మొదట భావింపబడును. కాదని రుజువుచేయు భారము ఆ గిరిజనేతరునిదే. ఈ నిబంధనను సుప్రీముకోర్టువారు 1988 లో సమర్థించిరి. ఇందులో మనము గమనింపదగిన దొకటి గలదు. శాసనకర్తలు గిరిజనుని ప్రక్కన నిలువదగినదిగా నెన్నుకొనినది గిరిజనుల సహకార సంఘము. సహకారోద్యమమున కింతకంటె గొప్ప గౌరవ మేమి కావలెను? ఆ గౌరవమునకు దగినట్లు మనము నడచుకొంటిమా యని యాత్మపరీక్ష చేసికొనుట మన విధి.

తరువాతి కాలమున గ్రామసభకు శాసనబలము చేకూరినది. 1996 వ సంవత్సరపు పంచాయతీల విస్తరణ చట్టము షెడ్యూల్డు ప్రాంతములలో గ్రామమనగా రెవెన్యూ గ్రామము మాత్రమే కాదనియు, తన యాచారముల ప్రకారము తన పనులు చక్కబెట్టుకొను నొక గూడెముగాని కొన్ని గూడెముల కూటమిగాని గ్రామము కావచ్చుననియు జెప్పినది. భూములు పరాధీనము గాకుండ నాపుటకును, అన్యాయముగా బోయినవానిని తిరిగి రప్పించుటకును, వడ్డీవ్యాపారము నదుపుచేయుటకును, చిన్నతరహా యటవీఫలసాయముపై యాజమాన్యము వహించుటకును ఆ చట్టము గ్రామసభకు, పంచాయతీలకు అధికార మొసగుమని ప్రభుత్వములను శాసించినది. మన రాష్ట్రమున దానికి బలమిచ్చు చట్టము 1998 లోను, నియమావళి 2011 లోను వచ్చినవి. 2006 నాటి అటవీహక్కుల చట్టము గ్రామసభకు సామూహికముగా తన యడవిని కాపాడుకొని నిర్వహించుకొను హక్కు నిచ్చినది. 2012 లో దాని నియమములను సవరించినప్పుడు ఆ యడవికి సంరక్షణ, నిర్వహణ ప్రణాళికను గ్రామసభ కమిటీయే తయారుచేయవలెనని చేర్చిరి. 2013 నాటి భూసేకరణ చట్టము షెడ్యూల్డు ప్రాంతములలో భూమి తీసికొనుటకు ముందుగా గ్రామసభ సమ్మతి కావలెనన్నది.

న్యాయస్థానములును ఈ దారినే నడచినవి. అనంతగిరి మండలములోని బొఱ్ఱా ప్రాంతపు గనుల కౌళ్లపై వచ్చిన సమత వ్యాజ్యమున సుప్రీముకోర్టు 1997 జూలైలో తీర్పు చెప్పుచు, షెడ్యూల్డు ప్రాంతమున ప్రభుత్వభూమినైనను గిరిజనేతరులకు గనుల కొఱకు కౌలు కీయరాదనియు, ప్రభుత్వ సంస్థయో గిరిజనుల సహకార సంఘమో ఆ పని చేయవచ్చుననియు నిర్ణయించినది. నియమగిరిలో బాక్సైటు త్రవ్వకమును గూర్చి 2013 ఏప్రిల్‌లో నదే న్యాయస్థానము గ్రామసభలను విచారింపుడని చెప్పగా, ఆ జూలై, ఆగస్టు మాసములలో గూడిన పండ్రెండు గ్రామసభలును వలదనియే తీర్మానించినవి. ఆ కొండ తమ దేవత కొలువని డోంగ్రియా కొంధులు చెప్పినప్పుడు, వంశధార తల్లియైన యాకొండను వారు శ్రీకాకుళము రైతులకొఱకు గూడ కాచినట్లయినది. ఆ సంగతి మనలో నెందఱు తలచిరి?

ఇన్ని చట్టము లుండగా నింక కొఱత యేమి? కొఱత గ్రామసభను పిలుచు వేళలో నున్నది. పనియంతయు ముగిసినపిదప, పటము గీసినపిదప, ధనము మంజూరైనపిదప, ఊరివారిని చెట్టుక్రింద గూర్చుండబెట్టి వ్రేలిముద్రలు తీసికొనుట పరిపాటిగా మాఱినచోట గ్రామసభ యధికారము కాగితముపై నున్నను లేనట్లే. వంటయంతయు నయినపిదప నేమి వండవలెనని యింటివారి నడుగుట యెట్టి మర్యాదయో యిదియు నట్టిదే.

ఈ తప్పు మన దేశమునకే పరిమితము కాదు. కెనడా దేశమున ఉత్తరపు కొసనున్న యూకాన్ ప్రాంతమున ఆదివాసిజాతులకు స్వప్రభుత్వములు గలవు. ప్రాంతీయ ప్రభుత్వముతో అవి 1993 లో జేసికొనిన యొడంబడికలో భూముల యేర్పాటును ఉభయులును గూడి చేయవలెనను నధ్యాయ మొకటి యున్నది. దాని ప్రకారము పీల్ నదీతీరపు సుమారు 67 వేల చదరపు కిలోమీటర్ల భూమికొఱకు 2004 లో నొక సంఘము నియమింపబడి, యేండ్లతరబడి జనులను విచారించి, నూటికి 80 పాళ్లు కాపాడవలెనని 2011 లో సిఫారసు చేసెను. 2014 లో ప్రాంతీయ ప్రభుత్వము దానిని ద్రోసిపుచ్చి, నూటికి 71 పాళ్లు గనులు మొదలగువానికి దెఱచు తన స్వంత ప్రణాళికను ప్రకటించెను. ఆదివాసి ప్రభుత్వములు వ్యాజ్యము వేసినవి. కెనడా సుప్రీముకోర్టు 2017 డిసెంబరు 1 వ తేదీన, విచారణకాలమున స్పష్టముగా జెప్పని మార్పులను తుదిఘట్టమున దెచ్చిపెట్టి ప్రణాళికనే మార్చివేయుట యొడంబడికకు విరుద్ధమని యా యేర్పాటును రద్దుచేసెను. తుదకు 2019 లో ఉభయులును సంతకముచేసిన ప్రణాళిక నూటికి 83 పాళ్లు రక్షణక్రింద నుంచినది. పదునైదేండ్లు గడచిన పిదప వచ్చిన ఫలితము మొదట సంఘము చెప్పినదానికి దగ్గఱిదే. నిజాయితీగా మొదటనే యొప్పుకొనియున్నచో వ్యాజ్యపు వ్యయము, వైరము, కాలహరణము తప్పియుండెడివి. ఆ దేశమున జనము తక్కువ, భూమి యెక్కువ. మన పరిస్థితులు వేఱు. ఐనను పొరుగువానిని మొదట నడుగుటయా, చివర నడుగుటయా యను ప్రశ్న యెల్లెడల నొక్కటియే.

ఇక మనవారు చెప్పు నాక్షేపణలను విచారింతము. మొదటిది: "గిరిజనులు పోడుకొట్టి యడవిని పాడుచేయుదురు, వారిచేతికే యేర్పాటు నిచ్చిన నెట్లు?" పోడుభూమిని కొన్నియేండ్లు సాగుచేసి, పిదప పెక్కేండ్లు బీడు విడుచుట పూర్వపు పద్ధతి. భూమి యిఱుకై, బీడుకాలము తగ్గినపుడే యది హానికరమైనది. ఆ యిఱుకునకు గారణము కొంతవఱకు మనమే. మంచి పల్లపుమళ్లు చేజాఱినవాడు వాలు నెక్కక యేమి చేయును? మఱియు మన్యమున కాఫీతోటలు వెండిచెట్ల నీడను, మిరియపుతీగెలతో గూడి వృద్ధినొందుట మనము చూచుచున్నాము. నీడచెట్లు గలచోట మన్ను నిలుచును. అరకులోయ కాఫీకి 2019 లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. దారి చూపి, గిట్టుబాటుధర నిచ్చినచో గిరిజనరైతు చెట్టును పెంచునుగాని నఱకడు.

రెండవ యాక్షేపణ: "వారికి శాస్త్రజ్ఞానము లేదు." మన్ను పరీక్ష, వర్షమానము, పంటల తెగుళ్లు మున్నగువానిలో వ్యవసాయశాఖవారి సాయము తప్పక కావలెను. కాని యేవాలు వానకు జాఱును, ఏయూట వేసవిలో నింకదు, ఏదారిని పశువులు దిగును, ఏచెట్టు చింతపండు నెన్ని యిండ్లవారు పంచుకొందురు అనునవి యేపుస్తకమునను లేవు. అవి యా గూడెపు పెద్దలకును, ఊటనీరు మోయు నాఁడువారికిని దెలియును. రెండు జ్ఞానములును గలియవలెను. ఒకటి రెండవదానిని నోరుమూయింపరాదు.

మూడవది మన సభ్యులలో గిరిజనేతరుల యాందోళనము. "తరతరములుగా నిచటనే యున్నాము, మమ్ము వెళ్లగొట్టుదురా?" యని వీరడుగుచున్నారు. ఈ బాధను మేము తేలికగా జూడము. భూమి నమ్ముకొనవలసివచ్చినపుడు కొనువారు దొరకక యిడుమలు పడు చిన్నరైతు గలడు. గిరిజనుడు కొనుటకు ముందుకు రానిచో ప్రభుత్వమునకు స్వాధీనపఱచి ప్రతిఫలము పొందు మార్గము నిబంధనలోనే యున్నది. దానిని సులభము, సత్వరము చేయుమని ప్రభుత్వమును గోరుట న్యాయము. కాని బినామీపేర్లతో భూమి బట్టుట, గిరిజన స్త్రీపేర వ్రాయించి తానే యనుభవించుట, కౌలుపేర శాశ్వతముగా గూర్చుండుట యన్యాయములు. వీనిని సమర్థించుటకు మన సంఘము లొడిగట్టరాదు. గ్రామసభలో నోటరుపట్టికనున్న గిరిజనేతరుడును సభ్యుడే. వచ్చి కూర్చుండి తన మాట చెప్పవచ్చును. పంచాయతీ అధ్యక్షస్థానములు గిరిజనులకు, స్థానములలో సగమునకు దక్కువగాక వారికే కేటాయింపబడినవి. సభలో నుండుట మన హక్కు. సభను నడపుట వారి హక్కు. ఈ భేదమును మన్నించి మెలగువాని నెవ్వరు వెళ్లగొట్టుదురు?

ఇప్పుడు పని యెట్లు చేయవలెనో చెప్పుదుము. ఒక గూడెమును, దాని క్రింది పల్లెను ఊహింపుడు. మొదట గ్రామసభ కూడవలెను. అటవీహక్కుల నియమముల ప్రకారము సభ్యులలో సగమునకు దక్కువ గాకుండ, వచ్చినవారిలో మూడవవంతు స్త్రీలుండవలెను. పిదప పెద్దలు, స్త్రీలు, యువకులు, పల్లెరైతుల ప్రతినిధులు గలిసి సరిహద్దులవెంట కాలినడకను దిరుగవలెను. గదిలో గూర్చుండి గీచిన పటమునకు, పాదములతో గీచిన పటమునకు గల భేదము నడచిన వారికే తెలియును. ఊటలు, వాగులు, సాగుభూములు, పోడు, బీడు, పశువుల దారులు, అడ్డాకులు, కుంకుళ్లు, తేనె దొరకు తావులు, దేవతల తోపులు, సమాధులు గుర్తింపవలెను. ఆ పటమును నేలమీద ముగ్గుతో వేసి యెల్లరకు జూపినచో చదువురానివారును తప్పు దిద్దగలరు.

ఆ పిదప నొక్కొక్క భూభాగమునకు నియమము వ్రాయవలెను. ఊటలపైని వాలు నఱకరాదు. ఇంత వాలునకు మించినచో దున్నకుండ తోటలే వేయవలెను. ఈ బయలు మేపునకే. ఈ రాతిగట్టు చెక్కడ్యాముకొఱకు. రాయి, ఇసుక తీయుటకు గ్రామసభ సిఫారసు ముందుగా గావలెను. దానివలన వచ్చు నాదాయము దేనికి వెచ్చింపవలెనో గూడ వ్రాయవలెను. వ్రాసినదానిని గ్రామభాషలో, కొండభాష మాటలాడుచోట నా భాషలోను చదివి వినిపించి, ఆలోచించుకొనుటకు గడువిచ్చి, మఱల గూడిన సభలో తీర్మానింపవలెను. ఒక్కపూటలో ముగించు తొందర కూడదు. సభయందు నలుగురు పెద్దలే మాటలాడి తక్కినవా రూరకున్నచో నది సమ్మతి కాదు. గ్రామసభయు పొరపడవచ్చును, దానికి మందు మఱల సభ కూడుటయేగాని సభను దాటిపోవుట కాదు. మూడేండ్ల కొకమాఱు పటమును దిరిగి చూచుకొను నేర్పాటు మొదటనే యుండవలెను.

మన సహకార సంఘముల వంతు పనులు మూడు. మొదటిది ఋణము. 1971 నాటి సవరణముచేత గిరిజనుడు తన భూమిని స్వాధీన మియ్యకుండ సహకార సంఘములకు, బ్యాంకులకు తాకట్టు పెట్టవచ్చును. బాకీ తీరనిచో నా భూమి గిరిజనునకే యమ్మబడవలెను. కనుక వానికి పంటఋణ మిచ్చుటకు భయపడ నవసరములేదు. మనము సకాలమున ఋణ మియ్యనిచో షావుకారు గుమ్మముననే వాడు నిలుచును. 1917 కు ముందటి కథ మఱల మొదలగును. రెండవది విక్రయము. 1956 లో విశాఖపట్టణమున నేర్పడిన గిరిజన సహకార సంస్థ యటవీఫలసాయమును కొనుచున్నది. దానికి దోడుగా గూడెములలో గిరిజనులే సభ్యులుగా సంఘములు పుట్టుటకు మనము లెక్కలు వ్రాయుట, తూనికలు, నిలువ మొదలగువానిలో శిక్షణ నీయవచ్చును. పెత్తనము మాత్రము చేయరాదు. మూడవది నీటికి బదులు. క్రింద నీరు వాడుకొను సంఘములు కొండమీది చెట్లు కాచినవారికి గొంత నిధి నిచ్చుట న్యాయము. పూడికతీతకు వెచ్చించుదానిలో గొంత ముందుగనే పైన మొక్కలకు వెచ్చించినచో రెండు చోట్లను లాభమే. ఎంత యియ్యవలెనో మాత్రము మన మహాజనసభయు, వారి గ్రామసభయు ముఖాముఖి గూర్చుండి తేల్చుకొనవలెను.

సహకారమనగా నొక్కొక్క సభ్యునకు నొక్కొక్క వోటు అను సూత్రము. పది యెకరముల వానికిని, అరయెకరము వానికిని మన సభలో నొకే విలువ. ఈ సూత్రమును మన యాఫీసు గోడలలోపలనే యుంచి, కొండవారి కడకు బోవునప్పుడు పెద్దఱికము చూపుట మనకు దగదు. ఈ సంవత్సరపు మహాజనసభలో మన్యపు సరిహద్దుననున్న ప్రతిసంఘము నొక తీర్మానము చేయవలెనని మా కోరిక: తమ నీటికి బుట్టినిల్లయిన కొండగూడెముల గ్రామసభలను ముందుగా విచారింపక, వాని సమ్మతి లేక, ఆ భూములను గూర్చిన యేపనికిని తాము మద్దతు నియ్యమని. తీర్మానము వ్రాయుటకు నొక కాగితము చాలును. దానిని నిలుపుకొనుటకు మాత్రము కొండయెక్కి పోవు నోపిక కావలయును. ఆ యోపిక రైతునకు లేదని మేమనుకొనము.